శుక్రవారం టెక్స్-మెక్స్ లంచ్, రోజుకు 1600 కేలరీలు: రెండూ కుదురుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్‌లో ఉద్యోగం. టీమంతా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం టెక్స్-మెక్స్ (టెక్సస్ పద్ధతి మెక్సికన్ వంట) రెస్టారెంటుకు వెళ్తారు. మీకు ఎ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, డాక్టరు బరువు తగ్గమన్నారు, అప్పటినుంచి రోజుకు 1600 కేలరీలని పెట్టుకుని ఫోన్‌లో రాసుకుంటున్నారు. బీఫ్ తినరు, చికెన్ తింటారు. వారాంతాల్లో మీ ఆవిడతో వెళ్తే ఆవిడ పూర్తి శాకాహారి. శనివారం పొద్దున తూకం చూసుకుంటే రెండు పౌండ్లు పెరిగి కనిపిస్తోంది. "ఈ లంచ్ మానేయాలా, లేక సలాడ్‌తో సరిపెట్టుకోవాలా?" అని అడిగారు.

మానేయక్కర్లేదు. సలాడ్ కూడా అక్కర్లేదు. వారంలో ఒక్కరోజు మీవాళ్ళందరితో కూర్చుని తినే భోజనం అది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఇలా చేయండి:

మొక్కజొన్న చిప్స్, అన్నం, టోర్టియా (పల్చటి రొట్టె): ఈ మూడింట్లో ఒక్కటే తీసుకోండి. చీజ్, సోర్ క్రీమ్ (పుల్లటి మీగడ), గ్వాకమోలే (అవకాడో ముద్ద): ఈ మూడింట్లోనూ ఒక్కటే. తాగడానికి మంచినీళ్ళో, చక్కెర లేనిదేదో.

ఈ మాటమీద నిలబడితే ఏ మెక్సికన్ రెస్టారెంటుకు వెళ్ళినా కడుపునిండా తిని 600, 700 కేలరీలతో బయటికి రావచ్చు. ఇక ఎందుకో, ఎలాగో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్తాను. నేను టెక్సస్‌లో రిజిస్టర్డ్ డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, మీ ప్రశ్న వాళ్ళలో ఎంతోమంది అడిగిందే.

ముందుగా ఒక మాట. మెక్సికన్ వంట మీకు శత్రువు కాదు. మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, టమాటా, మిరప, ఉల్లి, కొత్తిమీర, నిమ్మ, అవకాడో, నిప్పులమీద కాల్చిన మాంసం, చేప: ఇవీ ఆ వంటకు మూలం. అరకప్పు ఉడికిన నల్ల బీన్స్‌లో 115 కేలరీల దాకా ఉంటే, అందులో ఏడు గ్రాముల పైచిలుకు ప్రొటీను, దాదాపు అంతే పీచు దొరుకుతాయి. ప్రీ-డయాబెటిస్ (షుగరు వ్యాధికి ముందు దశ) ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి తిండి చెప్పడం కష్టం. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, టెక్సస్‌లో స్థిరపడిన టెక్స్-మెక్స్ పద్ధతిలో వీటిమీద మైదా టోర్టియా, కరిగించిన పసుపు చీజ్, నూనె, క్రీమ్ వచ్చి చేరాయి. ఒక ప్లేటులో మూడు రకాల పిండిపదార్థం, మూడు రకాల కొవ్వు పక్కపక్కన పెట్టి ఇస్తారు. అందుకే వాటిలోంచి ఒక్కోటి ఎంచుకోమన్నాను.

దీన్ని అంకెల్లో చూద్దాం. చిపోట్లే అనే గొలుసు రెస్టారెంటు వాళ్ళు ఒక్కో పదార్థానికి కేలరీలు విడివిడిగా ప్రకటిస్తారు కాబట్టి అదే తీసుకుంటాను. బురీటో (అన్నీ లోపల పెట్టి చుట్టిన పెద్ద రొట్టె) చుట్టే మైదా టోర్టియా ఒక్కటే 320. అన్నం 210. బీన్స్ 130. చికెన్ 180. టమాటా సాల్సా (పచ్చి పచ్చడి లాంటిది) 25. చీజ్ 110. సోర్ క్రీమ్ 110. గ్వాకమోలే 230. అన్నీ వేయించుకుంటే 1315 కేలరీలు, అంటే మీ రోజు లెక్కలో ఐదింట నాలుగు వంతులు. ఇందులో మనం "అసలు తిండి" అనుకునే చికెన్, బీన్స్, సాల్సా మూడూ కలిపినా 335 మాత్రమే. మిగతాదంతా చుట్టూ చేరింది.

అదే కౌంటరు దగ్గర టోర్టియా లేకుండా గిన్నెలో ఇచ్చే బౌల్ అడిగి, అన్నం సగం వేయమని (105), బీన్స్ (130), చికెన్ (180), వేయించిన ఉల్లి, క్యాప్సికం (20), టమాటా సాల్సా (25), లెట్యూస్ (5), పైన గ్వాకమోలే (230) వేయించుకున్నారనుకోండి, 695. గ్వాకమోలే బదులు చీజ్ అయితే 575. రెండూ వద్దనుకుంటే 465. చికెన్ ముక్క ఒక్కటి కూడా తగ్గలేదు, గమనించండి. "అన్నం కొంచెం" అంటే వాళ్ళ చెయ్యి అలవాటుకొద్దీ నిండు గరిటె వేసేస్తుంది, "సగం గరిటె" అని స్పష్టంగా చెప్పండి.

గ్వాకమోలే 230 కదా, దాన్నెందుకు రానిచ్చానని మీరు అడగొచ్చు. అవకాడోలో ఉండే కొవ్వు ఎక్కువగా గుండెకు మంచిదైన రకం, పైగా వంద గ్రాములకు ఏడు గ్రాముల దాకా పీచు ఉంటుంది. ఆకలి సాయంత్రం దాకా ఆగుతుంది. సోర్ క్రీమ్ 110 కేలరీలే అయినా అలా ఆపదు. మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నా ఓటు చాలాసార్లు గ్వాకమోలేకే. కానీ మీకు చీజ్ లేకపోతే తిన్నట్టే ఉండదంటే, చీజే వేయించుకోండి. ఇష్టమైనది పూర్తిగా తీసేసిన పద్ధతి నెల తిరక్కుండానే పోతుంది, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇది చాలాసార్లు చూశాను.

ఇక కూర్చుని తినే రెస్టారెంటు సంగతి. మీ శుక్రవారం లంచ్ అక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

చిప్స్ బుట్ట. మీరు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే వచ్చేస్తుంది. వేడివేడిగా, పల్చగా, ఉప్పు చల్లి, పక్కన సాల్సా గిన్నె. అడగలేదు, డబ్బులు కట్టలేదు, ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు. ఒక ఔన్సు చిప్స్, అంటే 28 గ్రాములు, చేతిలో పది పన్నెండు వస్తాయి, అది 140 కేలరీలు. మీటింగు కబుర్లలో పడి అందులో నాలుగింతలు తినడానికి పావుగంట చాలు. ఆర్డరు ఇవ్వకముందే 560 అయిపోయినట్టు. పెళ్ళి భోజనంలో విస్తరి వేయకముందే పకోడీలతో కడుపు నింపేసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

కేలరీలకన్నా మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. తినే వరస. ముందు కూరగాయలు, ప్రొటీను తిని, పిండిపదార్థం చివర్లో తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదని పరిశోధనల్లో తేలింది. మెక్సికన్ రెస్టారెంటులో ఈ వరస తలకిందులు: ఖాళీ కడుపుమీద మొదట పడేది వేయించిన మొక్కజొన్న పిండి. ఎ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీ-డయాబెటిస్ అంటాం, మీరు అందులో ఉన్నారు. కాబట్టి చిప్స్ తినాలనే అనుకుంటే ఒక గుప్పెడు తీసి మీ చిన్న ప్లేటులో పెట్టుకుని, చికెన్ వచ్చాక దానితోపాటు తినండి. ఆ రోజుకు మీ పిండిపదార్థం అదే, అన్నం, టోర్టియా వద్దని చెప్పేయండి. బుట్ట బల్లకు అవతలి చివర ఉండేలా కూర్చోవడం కూడా పనిచేస్తుంది. చెయ్యి చాపితే అందేది తింటాం, అందకపోతే గుర్తుండదు.

సాల్సా మాత్రం ఎంతైనా తినండి. టమాటా, మిరప, ఉల్లి, నిమ్మ, కొత్తిమీర, అంతే కదా. రెండు చెంచాలకు పది కేలరీలు ఉంటే గొప్ప. టొమాటియో అనే టమాటాలాంటి పుల్లటి పచ్చికాయతో చేసే ఆకుపచ్చ సాల్సా కూడా అంతే. మనవాళ్ళకు కారం అలవాటే కాబట్టి క్రీమ్, చీజ్ లేని లోటును సాల్సాతో తేలిగ్గా పూడ్చుకోవచ్చు. చికెన్‌మీద, బీన్స్‌మీద, అన్నంమీద, దేనిమీదైనా పోసుకోండి. కాల్చిన హలపీనో మిరపకాయలు అడిగితే విడిగా ఒక గిన్నెలో ఇస్తారు, మెనూలో రాసి లేకపోయినా అడగండి. ఒక్క మినహాయింపు: కేసో అని వచ్చే తెల్లటి, పసుపుపచ్చటి చీజ్ గిన్నె సాల్సా కాదు. అది కరిగిన చీజ్, చీజ్ కోటాలోనే రాసుకోవాలి.

మీరు ఆర్డరు ఇవ్వాల్సింది: చికెన్ ఫహీటా. మెనూ మొత్తంలో మీకు అన్నిటికన్నా అనువైనది ఇదే. సుయ్‌మంటూ ఇనప పెనంమీద వస్తుంది కదా, ఆ పెనంమీద ఉన్నదంతా కాల్చిన చికెన్, ఉల్లి, క్యాప్సికం. ఒక మనిషికి ఇచ్చే చికెన్ 170 గ్రాములనుకుంటే, నూనె లేకుండా 280 కేలరీలు. చాలాచోట్ల పొగ, చప్పుడు బాగా రావాలని చివర్లో నూనో వెన్నో పోస్తారు, కాబట్టి 400 అని రాసుకోండి. ఆర్డరు ఇచ్చేటప్పుడే "పైన వెన్న, నూనె వద్దు" అంటే చాలాచోట్ల వింటారు.

అసలు లెక్క దానితో వచ్చే పక్క ప్లేటులో ఉంది. మూడు మైదా టోర్టియాలు, ఒక్కోటి 140 చొప్పున 420. అన్నం, రీఫ్రైడ్ బీన్స్ (ఉడికించి, మెదిపి, కొవ్వులో వేయించినవి). చీజ్, సోర్ క్రీమ్, గ్వాకమోలే మూడూ చిన్న చిన్న కుప్పలుగా. ఇదంతా తింటే 400 ఉన్న భోజనం 1300 దాటుతుంది. మీరేం చేయాలంటే: మైదా బదులు మొక్కజొన్న టోర్టియాలు అడగండి. ఆరంగుళాలది ఒక్కోటి 55 కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. రెండు తీసుకుంటే 110. అన్నం వద్దని చెప్పి దాని స్థానంలో నల్ల బీన్స్ గానీ, చార్రో బీన్స్ గానీ అడగండి (చార్రోలో బేకన్ ఉంటుంది, పంది మాంసం తిననివాళ్ళు వదిలేయాలి). కాస్త గ్వాకమోలే. మొత్తం 650కి అటూ ఇటూగా తేలుతుంది, బల్లదగ్గర అందరికన్నా మంచి ప్లేటు మీదే.

మైదా టోర్టియాకూ మొక్కజొన్న టోర్టియాకూ తేడా సైజులోనే కాదు. మైదాది నిలవాలంటే, మెత్తగా ఉండాలంటే పిండిలో కొవ్వు కలపాలి. మొక్కజొన్నది సున్నపు నీళ్ళలో నానబెట్టి ఉడికించిన గింజల్ని రుబ్బిన పిండితో, కొవ్వు కలపకుండానే వస్తుంది. ఆ సున్నం వల్లే దానిలో కాల్షియం పెరుగుతుంది, మొక్కజొన్నలో బంధించి ఉన్న నయాసిన్ అనే బి విటమిన్ మన శరీరానికి అందుతుంది. మెక్సికో వాళ్ళు వేల ఏళ్ళుగా చేస్తున్న పని ఇది.

టాకేరియా అనే చిన్న దుకాణాలకు టీమ్ వెళ్తే ఇంకా తేలిక. అరచేయంత మొక్కజొన్న టోర్టియామీద కాల్చిన చికెన్, తరిగిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క, అదే టాకో. ఒక్కోటి 150 నుంచి 200. మూడు తిన్నా 600 లోపే. చీజ్ అసలు ఉండదు. చికెన్‌కు "పోయో" అని అడగాలి. మీరు బీఫ్ తినరు కాబట్టి ఇవి గుర్తుంచుకోండి: కార్నె అసాదా, బిస్తెక్, సువాదేరో, లెంగువా, కబేసా అన్నీ ఆవు మాంసమే. బార్బకోవా టెక్సస్‌లో దాదాపు ఎప్పుడూ బీఫే, చిపోట్లేలోనూ బీఫే. అల్ పస్తోర్, కార్నీతాస్ పంది మాంసం.

పైకి తేలికగా కనిపించి మోసం చేసేవి. సలాడ్ అక్కర్లేదన్నాను కదా, కారణం ఇది. టాకో సలాడ్ అని మెనూలో ఉంటుంది, పేరు చూసి చాలామంది ఇదే ఆర్డరు చేస్తారు. వచ్చేది నూనెలో వేయించిన పెద్ద మైదా గిన్నె, అందులో అడుగున మాంసం, బీన్స్, పైన చీజ్, క్రీమ్, ఎక్కడో కాస్త లెట్యూస్. గిన్నెతో సహా తింటే బురీటోకు ఏమాత్రం తీసిపోదు. నా దగ్గరికి వచ్చే ఒకాయన వారానికి రెండు మూడు రాత్రులు ఇదే తింటూ, సలాడ్ తిన్నానని ఫోన్‌లో 350 రాసుకునేవారు. బరువు కదలడం లేదని నెలలు బాధపడ్డారు. ఆయన చేసిన మార్పు ఒక్కటే, గిన్నె తినడం మానడం, డ్రెస్సింగ్ బదులు సాల్సా పోసుకోవడం. అప్పటినుంచి తూకం కదిలింది. చిపోట్లేలో కూడా సలాడ్‌తో ఇచ్చే వినగ్రెట్ (నూనె, వెనిగర్ కలిపిన డ్రెస్సింగ్) 220 కేలరీలు, మీరు తినబోయే చికెన్ కన్నా ఎక్కువ.

ఎన్చిలాడాలు మొక్కజొన్నవే కదా అంటారు. నిజమే, కానీ చుట్టేటప్పుడు విరగకుండా టోర్టియాని ముందు వేడి నూనెలో ముంచి తీస్తారు, తర్వాత లోపల చీజ్, పైన సాస్, దానిమీద మళ్ళీ చీజ్. మీకు ఇందులో ఇంకో సమస్య ఉంది. టెక్సస్‌లో చీజ్ ఎన్చిలాడామీద పోసే గోధుమరంగు గ్రేవీలో చాలాచోట్ల బీఫ్ ఉంటుంది. లోపల చీజే కదా, శాకాహారమేనని మనవాళ్ళు నమ్మకంగా తినేస్తుంటారు. ఆర్డరు ఇవ్వకముందు సాస్‌లో మాంసం ఉందా అని అడగండి. ఆకుపచ్చ టొమాటియో సాస్‌తో చేసింది అడిగితే చాలావరకు ఈ చిక్కు ఉండదు, అయినా అందులో చికెన్ ఉడికించిన నీళ్ళు పోస్తారేమో మీ ఆవిడ కోసం కనుక్కోవాలి.

చిమిచాంగా అంటే బురీటోని మొత్తంగా నూనెలో వేయించడం. ఫ్లౌటాలు, చిలే రెయ్యేనో, కెసడియా, నాచోస్ గురించి వేరే చెప్పనక్కర్లేదు, నూనో చీజో దండిగా ఉన్నవేనని చూస్తేనే తెలుస్తుంది. పుట్టినరోజుకో పండక్కో నలుగురూ పంచుకుని తినండి, తప్పేం లేదు.

మెనూలో కనిపించే మంచి సంగతులు రెండు మూడు: కాల్దో దె పోయో (చికెన్, పెద్ద పెద్ద కూరగాయ ముక్కల పలచటి పులుసు, చలికాలంలో కడుపునిండా సరిపోతుంది), నిప్పులమీద కాల్చిన చేపతో టాకోలు (పిండిలో ముంచి వేయించినవి కాదు, అడిగి తెలుసుకోండి), నిమ్మరసంలో ఊరబెట్టిన చేపతో సెవీచే, నాగజెముడు ఆకులతో చేసే నొపాలెస్. చివరిది దొరికితే వదలకండి, బెండకాయ ఇష్టమున్నవాళ్ళకు ఆ జిగురు, ఆ పులుపు బాగా నచ్చుతాయి.

తాగేవి. శుక్రవారం కాబట్టి ఎవరో ఒకరు మార్గరీటా (టెకీలా అనే మద్యంతో, నిమ్మరసంతో చేసే కాక్‌టెయిల్) అంటారు. ఫ్రోజెన్ మార్గరీటా యంత్రం పుట్టింది మీ ఊళ్ళోనే. 1971లో మరియానో మార్టినెస్ అనే డాలస్ రెస్టారెంటు యజమాని ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి తయారుచేశాడు, ఆ యంత్రం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మద్యం ఉన్న ద్రవం అలా మంచులా నిలబడాలంటే చక్కెర దండిగా ఉండాలి. పెద్ద గ్లాసు 400, 500 దాకా వెళ్తుంది. తాగే అలవాటుంటే టెకీలా, నిమ్మరసం, సోడా అడగండి. 44 మిల్లీలీటర్ల టెకీలాకు వంద కేలరీల లోపే. అది కూడా తిండితోపాటే, ఖాళీ కడుపుమీద వద్దు, తాగాక చిప్స్ బుట్టను ఎవరూ ఆపలేరు.

హొర్చాటా బియ్యం, దాల్చినచెక్క, చక్కెరతో చేసే తియ్యటి పానీయం. మీ ఎ1సీకి ఇది అస్సలు పనికిరాదు. హమైకా అనే ఎర్రటి పానీయం సంగతి వేరు. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో చేస్తారు, అందుకే ఆ పులుపు మనకు కొత్తగా అనిపించదు. రెస్టారెంట్లలో ముందే చక్కెర కలిపి ఉంచుతారు, కాబట్టి అక్కడ వద్దు. మెక్సికన్ కిరాణా కొట్లలో ఎండబెట్టినవి దొరుకుతాయి, ఇంట్లో మరిగించి చక్కెర లేకుండా చల్లగా తాగండి.

మెనూలోని అంకెలు. అమెరికాలో 20 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు మెనూమీద కేలరీలు వేయాలని 2018 మే నుంచి అమల్లో ఉంది. ఒక్కటే శాఖ ఉన్న కుటుంబ రెస్టారెంటుకు ఇది వర్తించదు. గొలుసు రెస్టారెంట్లలో కూడా ఫహీటా పక్కన వేసిన అంకెలో టోర్టియాలు, పక్క ప్లేటు కలిసి ఉండకపోవచ్చు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఉచితంగా వచ్చే చిప్స్ ఏ వంటకం అంకెలోనూ కలవవు. అంకె లేనిచోట నూనె కోసం ఒక వంద అదనంగా రాసుకోమని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెప్తాను. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, వంటింట్లో ఆ చెంచా ఎన్నిసార్లు పడిందో బల్లదగ్గర కూర్చున్న మనకు తెలియదు.

పొద్దున టిఫిను మానకండి. మధ్యాహ్నం ఎక్కువ తింటానుగా అని శుక్రవారం ఉపవాసంలా ఉండి వెళ్ళేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పన్నెండున్నరకు ఆకలితో నకనకలాడుతూ కూర్చున్న మనిషి ముందు చిప్స్ బుట్ట పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు తినండి. బయల్దేరే ముందు గ్లాసు మజ్జిగో, కాసిని ఉడికించిన శనగలో తింటే ఇంకా మంచిది. లంచ్ 700 అయినా, పొద్దున 300, రాత్రి 500, మధ్యలో వంద, మీ 1600 మీకే ఉంటుంది.

మీ ఆవిడ కోసం. శాకాహారులకు మెక్సికన్ రెస్టారెంటులో మూడు చోట్ల మాంసం కనిపించకుండా ఉంటుంది. రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు. ఎర్రటి అన్నంలో చికెన్ ఉడికించిన నీళ్ళు. మైదా టోర్టియాలో, టమాలే (ఆవిరిమీద ఉడికించే మొక్కజొన్న వంటకం) పిండిలో మళ్ళీ పంది కొవ్వు. పంది కొవ్వును వాళ్ళు "మాంతేకా" అంటారు. "బీన్స్‌లో మాంతేకా ఉందా?" అని అడిగితే వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్తారు, దీనికెవరూ ఏమీ అనుకోరు. ఇండియానుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడైతే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. వాళ్ళు తిన్నాక ఎవరో చెప్తే పడే బాధ మామూలుగా ఉండదు.

చిపోట్లేలో రెండు రకాల బీన్స్, అన్నం, టోర్టియా, కూరగాయలు అన్నీ మాంసం, పంది కొవ్వు లేనివే. సోఫ్రితాస్ అని టోఫుతో చేసింది ఉంటుంది, 150 కేలరీలు. మాంసం లేకుండా కూరగాయలతో ఆర్డరు ఇస్తే గ్వాకమోలేకు అదనంగా డబ్బు తీసుకోరు. శాకాహారుల విషయంలో నేను చూసే అసలు ఇబ్బంది కేలరీలు కాదు, ప్రొటీను. చికెన్ ఉండదు కాబట్టి ఆ ఖాళీని అన్నంతో, చీజ్‌తో నింపేస్తారు. ఆవిడ ప్లేటులో బీన్స్ రెండింతలు వేయించండి, అన్నం పూర్తిగా తీసేయొచ్చు. బీన్స్‌లోనే పిండిపదార్థం తగినంత ఉంది. కూర్చుని తినే చోట కూరగాయల ఫహీటా, పక్కన నల్ల బీన్స్, మొక్కజొన్న టోర్టియాలు.

చివరగా శనివారం పొద్దున కనిపించే ఆ రెండు పౌండ్లు. అది కొవ్వు కాదు, నీళ్ళు. రెండు పౌండ్ల కొవ్వు పెరగాలంటే మీ శరీరానికి కావలసినదానికన్నా 7000 కేలరీల దాకా ఎక్కువ తినాలి, ఒక్క లంచ్‌లో అది జరిగే పని కాదు. జరిగింది ఏమిటంటే, ఉప్పు. పైన చెప్పిన అన్నీ వేసిన బురీటోలో సోడియం, రోజంతటికీ పెద్దలకు చెప్పే 2300 మిల్లీగ్రాముల హద్దును దాటిపోతుంది. టోర్టియా ఒక్కదాంట్లోనే 600. ఆ ఉప్పును పట్టుకుని శరీరం నీళ్ళు నిలుపుకుంటుంది, రెండు మూడు రోజుల్లో వదిలేస్తుంది. శుక్రవారం సాయంత్రం నీళ్ళు బాగా తాగండి, రాత్రి ఊరగాయ, అప్పడం పక్కన పెట్టి పెరుగన్నం కొంచెం, కూర ఎక్కువ తినండి. బీపీ మందులు వాడుతుంటే సాల్సా విషయంలో నేను "ఎంతైనా" అన్న మాట మీకు వర్తించదు, దాంట్లోనూ ఉప్పు ఉంటుంది. తూకం శనివారం చూడకండి. బుధవారమో గురువారమో పొద్దున లేవగానే, వారానికి ఒకే రోజు, ఒకే వేళకు చూసుకుని రాసుకోండి. నాలుగు వారాల అంకెలు వరసగా పెట్టుకుని చూస్తేనే దారి సరిగ్గా ఉందో లేదో తెలిసేది.